మేడం గుమ్మంలో గుమ్మడికాయ

ఆ గురువారం ఉదయం నిరంజన్ వేసుకున్న పథకంలో వంక పెట్టడానికి ఏమీ లేదు. ఎనిమిది గంటలకల్లా, ఎవరూ రాకముందే, ఆఫీసుకు వెళ్ళాలి. అత్తగారు తెచ్చిన గుమ్మడికాయను మేడం గదిలో బల్ల పక్కన పెట్టాలి. కిందికి దిగి చాయ్ తాగి, పదిన్నరకు ఏమీ ఎరగనట్టు అందరితో పాటు మళ్ళీ రావాలి. అంతే. ఇందులో ఎవరికైనా ముప్పు ఉందని చెబితే ఆయన నవ్వి ఉండేవాడు.

నిరంజన్ కరీంనగర్‌లో ఒక ప్రభుత్వ కార్యాలయంలో సీనియర్ అసిస్టెంట్. వయసు యాభై రెండు. పదిహేడేళ్ళు అద్దె ఇళ్ళు మారి మారి, చివరికి ఊరి అంచున సొంత ఇల్లు కట్టుకుని ఏడు నెలలే అయింది. కిటికీలకు వేసిన రంగు వాసన ఇంకా పూర్తిగా పోలేదు. అంతలోనే ఆదిలాబాద్‌కు బదిలీ ఆర్డరు వచ్చింది. ఆర్డరు అందిన సాయంత్రం ఆయన ఇంటికొచ్చి, ముందుగదిలో గోడను అరచేత్తో నిమురుతూ చాలాసేపు నిలబడ్డాడు. భార్య స్వరూప అది చూసి చాయ్ పెట్టడానికి లోపలికి వెళ్ళింది. ఆ బాధ నిజమైనదే, అందులో నాటకం లేదు.

నాటకమంతా ఆ తర్వాతే మొదలైంది. బదిలీ ఆగాలంటే అనారోగ్యం ఒక్కటే దారి అని తెలిసినవాళ్ళు చెప్పారు. సుగరు, బీపీ, మోకాళ్ళ నొప్పులు, చూపు మందగించడం అని నాలుగు కారణాలు రాసి, పెద్దాసుపత్రులున్న కరీంనగర్‌లోనే తనను ఉంచాలని దరఖాస్తు పెట్టుకున్నాడు. ఆఫీసు పెద్ద జ్యోతిరాణి మేడం దాని మీద సిఫారసు రాసి సంతకం చేస్తే గట్టెక్కినట్టే. గడువు ఆ గురువారం సాయంత్రంతో ముగుస్తుంది. దరఖాస్తు మేడం బల్ల మీద వారం నుంచి అలాగే ఉంది.

చిక్కేమిటంటే, ఆ రోగాల్లో చాలావరకు మూడు నెలల కిందటివి. అప్పుడు డాక్టరు పరీక్షలు చేసి, సుగరు అంచు మీద ఉందనీ బరువు తగ్గాలనీ చెప్పాడు. ఆ వారమే ఫోన్‌లో గుమ్మడికాయ గుణాల మీద ఎవరో చెప్పిన ముప్పావుగంట ఉపన్యాసం నిరంజన్ కంటబడింది. ఆ రోజు నుంచి ఆఫీసు ఎదుటి మిర్చి బజ్జీల బండి వైపు తల తిప్పలేదు. పొద్దున ఉడికించిన గుమ్మడి ముక్కలు, మధ్యాహ్నం గుమ్మడి పులుసు, సాయంత్రం బజ్జీల స్థానంలో వేయించిన గుమ్మడి గింజలు. తిని ఊరుకుంటే సరిపోయేది. గుమ్మడిలోని ఆ పసుపు ఒంట్లో విటమిన్ ఏ అయ్యి కంటికి పనికొస్తుందనీ, పీచు కడుపును తేలిక చేస్తుందనీ, పొటాషియం బీపీకి మంచిదనీ, గింజల్లో మెగ్నీషియం దండిగా ఉంటుందనీ దారిన పోయేవాళ్ళను ఆపి మరీ చెప్పేవాడు. ఆయన స్కూటర్ చప్పుడు వినబడితే వీధిలో ఇద్దరు ముగ్గురు లోపలికి వెళ్ళిపోయేవాళ్ళు.

మూడు నెలల్లో ఆరు కిలోలు తగ్గాడు, సుగరు కూడా దిగింది. డాక్టరు కొత్త రిపోర్టు చూసి, గుమ్మడికాయ మంచిదేగానీ ఎక్కువ మేలు చేసింది బజ్జీలు మానడమూ, కాయల కోసం రోజూ రైతుబజారు దాకా నడవడమూ అన్నాడు. నిరంజన్ మొదటి సగమే విన్నాడు. కొత్త రిపోర్టును బీరువాలో పట్టుచీరల కింద దాచి, దరఖాస్తుకు పాతదాన్ని జతచేశాడు.

ఇంకో ఘనకార్యం కూడా చేశాడు. గుమ్మడికాయ పుణ్యమా అని చూపు తిరిగొచ్చిందని ప్రకటించి, కళ్ళద్దాలు తీసి సొరుగులో పడేశాడు. నిజానికి చూపేమీ తిరిగి రాలేదు. కాగితాన్ని చెయ్యి చాచినంత దూరం పెట్టి చూసినా అక్షరాలు అలుక్కుపోయే ఉండేవి. ఆఫీసులో ఫైళ్ళు చదవాల్సి వస్తే గొంతు బాగాలేదని చెప్పి పక్కవాళ్ళ చేత పైకి చదివించుకునేవాడు. దరఖాస్తులో రాసిన నాలుగు కారణాల్లో నికార్సైనది ఆ ఒక్కటే. దాన్ని మాత్రం ఆయన ఎవరి ముందూ ఒప్పుకోడు.

ఇక కాయ సంగతి. నిరంజన్ అత్తగారు భూమవ్వది భైంసా దగ్గర పల్లె. పాతికేళ్ళుగా ఆమె చేను నుంచి ఏది మోసుకొచ్చినా, ఇక్కడ దొరకవా, ఎందుకీ బరువు అని అల్లుడు విసుక్కునేవాడు. ఈ ఏడాది ఆయనే ఫోన్ చేసి గుమ్మడికాయలున్నాయా అత్తమ్మా అని అడిగాడు. ఆ ఒక్క మాటకు ఆమె కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. తొలి కాతలో అన్నిటికన్నా పెద్ద కాయను, దగ్గరదగ్గర పది కిలోలది, ఏరి కోసింది. తొలి కాత ఏదైనా ఆమె ఉత్తగా గడప దాటించదు. కాయకు పసుపు రాసి, కుంకుమతో మూడు బొట్లు పెట్టి, తొడిమకు పసుపు దారం చుట్టి, గోనెసంచిలో నాలుగు నిమ్మకాయలతో పాటు వేసుకుని బుధవారం మధ్యాహ్నం బస్సు దిగింది.

సంచి విప్పగానే నిరంజన్‌కు మేడం గుర్తొచ్చింది. ఆమె ఎవరి దగ్గరా ఏమీ తీసుకోదు. దసరాకు వచ్చిన మిఠాయి డబ్బాలన్నీ వచ్చిన దారినే తిప్పి పంపింది. కానీ ఆమెకు కంప్యూటర్ చూసి చూసి కళ్ళు మండుతున్నాయనీ, ఆకుకూరలూ పసుపుపచ్చటి కూరగాయలూ తినమని డాక్టరు చెప్పాడనీ అటెండర్ పోశం ఒకసారి అన్నాడు. మిఠాయి లంచం కావచ్చు, చేనులో పండిన కాయ లంచం ఎలా అవుతుంది అని నిరంజన్ తర్కం. కాయ చూసి మేడం సంతోషిస్తుంది, సంతోషంలో పెన్ను తీస్తుంది. కాయ ఎవరిదో ఆ తర్వాత మెల్లగా చెప్పవచ్చు.

“అడిగి ఇస్తే అయిపోయేదానికి గిట్ల దొంగలెక్క పెట్టివచ్చుడు ఎందుకు?” అని స్వరూప అంది.

“అడిగితే వద్దంటది. ముందుగాల కాయను చూడనీ, దాని సంగతి అదే చెప్పుకుంటది,” అన్నాడు నిరంజన్.

కాయ తన సంగతి తాను చెప్పుకుంది, కాకపోతే వేరే రకంగా. ఎనిమిదింటికి ఆఫీసు మొదటి అంతస్తుకు మెట్లు ఎక్కుతుంటే, పొట్ట ముందు పది కిలోల కాయ అడ్డం ఉండి కింద ఏముందో కనిపించలేదు. చివరి మెట్టు దగ్గర కుడికాలు మడతపడింది. పళ్ళు బిగించి కుంటుకుంటూ పోయేసరికి మేడం గదికి తాళం ఉంది. తాళంచెవి పోశం దగ్గర ఉంటుందని పథకం వేసేటప్పుడు గుర్తులేదు. ఆ కాలితో కాయను మళ్ళీ కిందికి దింపడం అయ్యే పని కాదు. సంచిలోంచి తీసి, సరిగ్గా గుమ్మం మధ్యలో కుదురుగా కూర్చోబెట్టి, సంచి మడతపెట్టుకుని వెళ్ళిపోయాడు. సంచి అడుగునుంచి ఒక నిమ్మకాయ జారి గడప పక్కకు చేరింది. ఆ మసక వెలుతురులో, అద్దాలు లేని కళ్ళకు అది ఆనలేదు.

పదిన్నరకు ఆయన తిరిగి వచ్చేసరికి మేడం గది ముందు ఆఫీసంతా అర్ధచంద్రాకారంలో నిలబడి ఉంది. ఎవరూ కాయకు నాలుగడుగుల దగ్గరకు కూడా పోవడం లేదు. ముందుగా చూసినవాడు పోశం. చూసి, తాళంచెవుల గుత్తి అక్కడే జారవిడిచి, మళ్ళీ తీసుకునే ధైర్యం లేక దూరం నుంచి దాన్నే చూస్తున్నాడు. అందరి ముందు నిలబడి వివరిస్తున్నవాడు పరశురాములు. ఆయన కూడా సీనియర్ అసిస్టెంటే. ఆయన మేనమామ ఒకప్పుడు ఇలాంటి చేతబడులు తీసేసేవాడట. మేనమామ పోతూ ఆ విద్య తనకు అప్పగించాడని ఎవరూ అడక్కుండానే చెబుతుంటాడు.

“ఎవలూ ముట్టకుండ్రి,” అన్నాడు పరశురాములు. “తొడిమె ఎటున్నదో చూసిండ్రా? సీదా మేడం కుర్సీ దిక్కు. మూడు బొట్లు, పసుపు దారం, పక్కపొంటి నిమ్మకాయ. తెలిసినోడే చేసిండు గీ పని.”

నిరంజన్ నోరు తెరిచి, నిమ్మకాయ మాట వినగానే మూసుకున్నాడు. తను నిమ్మకాయ పెట్టలేదు. తన వెనక ఇంకెవరో వచ్చి పెట్టారా అని ఒక్క నిమిషం ఆయనకే ఒళ్ళు జలదరించింది. ఈలోగా చర్చ బదిలీల మీదికి మళ్ళింది. ఆఫీసులో బదిలీ ఆర్డర్లు అందుకున్నవాళ్ళు తొమ్మిది మంది. ఆ తొమ్మిది మందిలో ప్రతి ఒక్కరూ మిగతా ఎనిమిది మందినీ అనుమానంగా చూస్తున్నారు. చేసినవాడు దొరికితే ఊరుకునేది లేదనీ, ఆడ ఆఫీసరును బెదిరించడమంటే పోలీసు కేసేననీ ఎవరో అన్నారు. ఆ మాటతో, కాయ నాదే అని చెప్పడానికి నిరంజన్ పోగుచేసుకున్న ధైర్యం కాస్తా ఆవిరైపోయింది.

ఆయన ఇంకో దారిన వచ్చాడు. “ఎవలన్న తినుటానికి తెచ్చిండ్రేమో. గుమ్మడికాయ కండ్లకు మంచిది, బీపీకి మంచిది,” అని మొదలుపెట్టాడు.

“తినే కాయకు బొట్లెందుకు పెడ్తరు సార్?” అని పోశం అడిగాడు. జవాబు నిరంజన్‌కు తెలుసు. చెప్పే వీలే లేదు.

ఇక మాటలతో లాభం లేదని, నేనే తీసి అవతల పెడతా అని రెండడుగులు ముందుకు వేసి కాయ మీదికి వంగాడు. ఎత్తుకుని కిందికి పోతే పీడ విరగడయ్యేదే. కానీ వంగేసరికి బరువంతా మడతపడ్డ కాలి మీద పడింది. అబ్బా అని కేకపెట్టి కుప్పకూలాడు. నలుగురు పరుగున వచ్చి ఆయనను వెనక్కి లాగారు. ప్యాంటు అంచు పైకి మడిచి చూస్తే చీలమండ నిమ్మకాయంత ఉబ్బి ఉంది. పోలిక అక్కడున్నవాళ్ళందరికీ ఒకేసారి తట్టినట్టుంది, అందరూ గడప పక్కనున్న నిమ్మకాయ వైపు చూశారు.

“ముట్టను కూడ ముట్టలే,” అన్నాడు పరశురాములు, తనకే నమ్మకం కుదరనట్టు. “మీదికెళ్ళి వంగిండు, గంతే.”

అక్కడి నుంచి నిరంజన్ ఆఫీసుకు వీరుడైపోయాడు. తిప్పే కుర్చీ తెచ్చి కూర్చోబెట్టారు. తడిగుడ్డ కట్టారు. ఒకాయన ఫైలు అట్టతో విసురుతుంటే ఇంకొకాయన మంచినీళ్ళు పట్టాడు. కింది అంతస్తులో వేరే ఆఫీసు ఉంది. వాళ్ళు రెండు జట్లుగా వచ్చి, ముందు కాయను, తర్వాత కాలును చూసి వెళ్ళారు. పదకొండయ్యేసరికి ఎదుటి చాయ్ బండి దగ్గర ఒక గుమాస్తాకు నడుము నుంచి కింద చచ్చుబడిపోయిందని చెప్పుకుంటున్నారు. అది మెట్ల మీద బెణికిన కాలు అని చెప్పాలంటే, ఎనిమిదింటికి మెట్ల మీద నీకేం పని అనే ప్రశ్న వస్తుంది. అందుకని నిరంజన్ కళ్ళు మూసుకుని అట్ట గాలి అనుభవిస్తూ ఉండిపోయాడు. మధ్యమధ్య మూలగడం కూడా మొదలుపెట్టాడు.

పదకొండుంబావుకు జ్యోతిరాణి మేడం వచ్చింది. విషయం విని మొదట నవ్వేసింది. నవ్వుతూనే కాయను తప్పించుకుని తలుపు దగ్గరకు పోబోతే, పోశం రెండు చేతులూ చాపి అడ్డం నిలబడ్డాడు.

“మీకు చిన్నపిల్లలున్నరు మేడం,” అన్నాడు. “జర ఆగుండ్రి. నా మాట ఇనుండ్రి.”

పోశం కళ్ళల్లో నిజమైన భయం చూసి ఆమె ఆగిపోయింది. అతన్ని పక్కకు నెట్టి లోపలికి పోవడం పెద్ద పని కాదు. కానీ రోజూ తనకు చాయ్ తెచ్చిచ్చే మనిషి తనకోసం వణుకుతున్నాడు. ఆ సంగతి ఆమెకు తెలిసింది. సరే, ముందు దెబ్బ తగిలిన మనిషిని చూద్దాం అని నిరంజన్ దగ్గరకు వచ్చింది. వాచిన కాలును చూసి, పక్కనే ఉన్న స్టూలు మీద ఎత్తులో పెట్టించింది. ఈయన బదిలీ దరఖాస్తు తన దగ్గర ఉన్నట్టు అప్పుడు గుర్తొచ్చింది.

“ఇంత బాగలేని మనిషిని ఆదిలాబాద్ పంపుడు కరెక్ట్ కాదు. ఫైలు తెప్పిస్తే ఇప్పుడే సంతకం పెడతా,” అంది.

నిరంజన్ గుండె ఒక్కసారి ఎగిరి మళ్ళీ చోటుకొచ్చి కూర్చుంది. నిజం ఎక్కడికీ పోదు, సంతకం అయ్యాక చెప్పుకోవచ్చు అని నిర్ణయించుకున్నాడు. ఫైలు మాత్రం గదిలో, మేడం బల్ల మీద ఉంది. గుమ్మం దాటే మనిషి లేడు. చివరికి వరండా వైపు కిటికీ రెక్క తెరిచి, బూజు దులిపే పొడుగు కర్ర చివర చీపురుపుల్లలు కట్టి, పోశం, మేడం బల్ల మీది కాగితాలను ఒక్కొక్కటే గాలం వేసి లాగాడు. మొదట మేడం చేతిరుమాలు వచ్చింది, అది ఆమె నిన్నటి నుంచి వెతుకుతున్నది. తర్వాత రెండేళ్ళ కిందటి మరుగుదొడ్ల ఫైలు వచ్చింది. నాలుగో ప్రయత్నానికి నిరంజన్ దరఖాస్తు కిటికీ ఊచల మధ్య నుంచి బయటపడింది. అందరూ ఊపిరి పీల్చుకున్నారు. మేడం పరశురాములు బల్ల దగ్గర కూర్చుని, నాలుగు కారణాలూ చదివి, పెన్ను మూత తీసింది.

సరిగ్గా అప్పుడు మెట్ల మీద భూమవ్వ కనిపించింది. ఊరి బస్సు ఎక్కడానికి బస్టాండుకు బయల్దేరి, పొద్దున తొందరలో అల్లుడు మరిచిపోయిన టిఫిన్ డబ్బా దారిలోనే కదా అని ఇచ్చిపోవడానికి ఆటో ఆపుకుని వచ్చింది. జనాన్ని తోసుకుని ముందుకొచ్చి, గుమ్మంలో కాయను చూసి నిలబడిపోయింది.

“గిదేంది, మా కాయ గీడ కూసున్నది?” అంది.

అంటూనే కింద కూర్చుని కాయ మీద అరచెయ్యి వేసింది. పరశురాములు వెనక్కి నాలుగడుగులు వేసి బీరువాకు తగిలాడు. భూమవ్వకు ఏమీ కాలేదు. పక్కనున్న నిమ్మకాయ ఏరుకుని, ఇది కూడ పడ్డదా అనుకుంటూ కొంగున ముడేసుకుంది.

“మా చేన్ల తొలి కాత బిడ్డా. బొట్లు నేనే పెట్టిన,” అని మేడం వైపు తిరిగి చెప్పింది. “మీకు ఇయ్యాలె అని మా అల్లుడే పొద్దుగాల పట్టుకచ్చిండు.”

ఆఫీసు మొత్తం నిరంజన్ వైపు తిరిగింది. అంతసేపూ అట్టతో విసురుతున్న మనిషి విసరడం ఆపి, ఆ అట్ట తనదే అన్నట్టు చంకలో పెట్టుకున్నాడు. మరి కాలు ఎలా వాచింది అని మేడం అడిగింది. మెట్లు, అన్నాడు నిరంజన్, తల ఎత్తకుండా.

ఆమె కోప్పడుతుందని అందరూ ఎదురుచూశారు. ఆమె పెన్ను మూత పెట్టి, భూమవ్వకు కుర్చీ వేయించి, నాకు ప్రత్యేకంగా గుమ్మడికాయే ఎందుకమ్మా అని నెమ్మదిగా అడిగింది. పాతికేళ్ళలో భూమవ్వ పంటను గురించి ఇంత పెద్ద ఆఫీసరు అడగడం ఇదే మొదలు. ఆమె కూర్చున్న చోటే నిటారుగా అయింది. నిరంజన్ అవతలి నుంచి వద్దు వద్దని కళ్ళతో సైగ చేశాడు. కంట్లో నలుసు పడ్డదా అల్లుడా అని పలకరించి, ఆమె చెప్పడం మొదలుపెట్టింది.

“దీంట్ల మస్తు బలమున్నదట బిడ్డా. మాకేం ఎరుక, మేము బర్రెలకు ఏసెటోళ్ళం. మా అల్లుడే చెప్పిండు. మూన్నెల్ల సంది తింటుండు. సుగరు దిగింది. బీపీ పత్తా లేదు. మోకాళ్ళు పట్టుకొని లేసెటోడు, ఇప్పుడు తెల్లారంగ మానేరు కట్ట దాక నడిచివస్తుండు. కండ్లద్దాలైతే ఇడిసే పెట్టిండు. కావాల్నంటే మా స్వరూపను అడుగు, కొత్త రిపోట్ చీరెల కింద దాసిండు, ఎంత మంచిగున్నదో.”

చెబుతున్నంతసేపూ ఆమె ముఖం వెలిగిపోతూనే ఉంది. మేడం చేతిలో పెన్సిలు దరఖాస్తు మీద ఒక్కో కారణం పక్కన ఒక్కో టిక్కు పెట్టుకుంటూ పోయింది. సుగరు, బీపీ, మోకాళ్ళు. నాలుగోదాని దగ్గర పెన్సిలు ఆగింది.

ముందు ఈ కాయ సంగతి చూద్దాం, కోసి అందరం తలా ముక్క పంచుకుంటే భయం పోతుంది అని మేడం లేచింది. పోశం కింది క్యాంటీన్ నుంచి పెద్ద కత్తి తెచ్చాడు. మేడం అందుకోబోతే భూమవ్వ ఆమె చెయ్యి పట్టుకుంది.

“నిండు కాయకు ఆడోళ్ళం కత్తి పెట్టద్దు బిడ్డా. ముందుగాల మొగోడు ఒక్క దెబ్బ కొట్టాలె. ఎన్క నువ్వెంత కోస్తవో కొయ్యి.”

పెద్దామె మాట కాదనడం ఇష్టంలేక మేడం మగవాళ్ళ వైపు చూసింది. ఆ వరండాలో మగవాళ్ళు పదకొండు మంది ఉన్నారు. పరశురాములుకు కుడి భుజం పట్టేసింది. పోశంకు నల్లా కట్టేయలేదేమోనని అనుమానం వచ్చింది. ఒకాయన ఫోన్ మోగకుండానే హలో అంటూ పక్కకు వెళ్ళాడు. ఇంతమంది మగోళ్ళుండి గిదేం బాధ, మా అల్లుడు లేడా అని భూమవ్వ కత్తి తెచ్చి నిరంజన్ చేతిలో పెట్టింది.

నిరంజన్ ముందు రెండు దారులున్నాయి. కాలు నొప్పి అని కుర్చీలో కూర్చుంటే దరఖాస్తులో ఇంకా కాస్త ప్రాణం మిగిలేది. కానీ అత్తగారి చూపులోని ఆ గర్వం పాతికేళ్ళలో ఆయన ఎప్పుడూ చూడనిది. ఇంతసేపూ దొంగలా తలదించుకున్నందుకు సిగ్గు కూడా ఉంది. లేచాడు. కాయను గడప మీదికి దొర్లించి, రెండు చేతులతో కత్తి ఎత్తి ఒక్క దెబ్బ వేశాడు. పది కిలోల కాయ నిట్టనిలువునా రెండు చెక్కలైంది. లోపలి కండ పొద్దుపొడుపు రంగులో, గింజలతో సహా, చూడటానికి ముచ్చటగా ఉంది. అందరూ చప్పట్లు కొట్టారు. ఆ చప్పట్లకు కాలి నొప్పి మరిచి, నిరంజన్ రెండు కాళ్ళ మీదా నిటారుగా నిలబడి నవ్వుతూ దండం పెట్టాడు. మేడం ఆ రెండు కాళ్ళనూ చూసింది.

ఆ తర్వాత ఆమే కూర్చుని ముక్కలు కోసింది. అందరితో సమానంగా తనూ ఒక ముక్క తీసుకుంది. పరశురాములు రెండు తీసుకున్నాడు, ఒకటి మేనమామ పేరు మీద కాబోలు. భూమవ్వ బస్సుకు వేళవుతుందని తృప్తిగా వెళ్ళిపోయింది. మేడం కాయ లేని గుమ్మం గుండా తన గదిలోకి పోయి, దరఖాస్తు మీద నాలుగైదు వరుసలు రాసి నిరంజన్‌ను పిలిచింది.

“అద్దాలు లేవు కదా నిరంజన్ గారు. ఇది చదవగలుగుతరా?” అని కాగితం ముందుకు జరిపింది.

గుమ్మం దగ్గర ఇంకా నలుగురు నిలబడి ఉన్నారు. ఇప్పుడే చప్పట్లు కొట్టినవాళ్ళు. నిరంజన్ కాగితాన్ని అందుకుని, చెయ్యి చాచి, పై నుంచి కింది దాకా కళ్ళు నడిపించాడు. చీమల బారు తప్ప ఏమీ కనబడలేదు. కానీ మేడం ముఖంలో కోపం లేదు, పెదవి మీద చిన్న నవ్వు కూడా ఉంది. ఇంక అనుమానమేముంది అనుకున్నాడు.

“చదివిన మేడం. చాన మంచిగ రాసిండ్రు,” అన్నాడు. “మీ మేలు మరువ.”

మేడం ఒక్క క్షణం ఆయన ముఖంలోకి చూసింది. కాగితం వెనక్కి తీసుకుని, కింద ఇంకో రెండు వరుసలు చేర్చి, సంతకం పెట్టి, నకలు ఆయన చేతికిచ్చింది.

పని అయిపోయిందని నిరంజన్ అక్కడి నుంచే స్వరూపకు ఫోన్ చేశాడు. పరశురాములు వచ్చి అభినందించాడు. అంతటి సంతోషంలో మూడు నెలల తపస్సు పక్కన పెట్టి, సాయంత్రం మిర్చి బజ్జీలు పొట్లం కట్టించుకుని ఇంటికి చేరాడు. ముందుగదిలోకి వస్తూనే కొత్త గోడను ఒకసారి ఆప్యాయంగా తట్టి, నకలు భార్య చేతిలో పెట్టి, పెద్దగా చదవమన్నాడు. స్వరూప చదివింది.

“దరఖాస్తుదారు ఆరోగ్యం గురించి ఆయన అత్తగారిని విచారించాను. సుగరు, బీపీ, మోకాళ్ళు పూర్తిగా బాగుపడినట్టు ఆమె తెలిపారు. పది కిలోల కాయను ఒక్క దెబ్బకు రెండు చేయడం నేను స్వయంగా చూశాను. చూపు ఒక్కటే పరీక్షించవలసి ఉంది. చదవలేకపోతే ఆ ఒక్క కారణం మీదనే ఇక్కడ ఉంచడానికి సిఫారసు చేస్తాను.” స్వరూప ఊపిరి తీసుకుని కింది రెండు వరుసలు చదివింది. “పై నోట్‌ను దరఖాస్తుదారు అద్దాలు లేకుండా చదివి, బాగా రాశానని మెచ్చుకున్నారు. చూపు భేషుగ్గా ఉంది. వెంటనే ఆదిలాబాద్‌కు రిలీవ్ చేయవలెను.”

స్వరూప లేచి వెళ్ళి, సొరుగులోంచి కళ్ళద్దాలు తెచ్చి, కొంగుతో తుడిచి ఆయన చేతికిచ్చింది. నిరంజన్ అవి పెట్టుకుని కాగితం మొత్తం ఇంకోసారి తనే చదువుకున్నాడు. ప్రతి అక్షరమూ స్పష్టంగా కనిపించింది.

సంతోషించింది భూమవ్వ ఒక్కతే. ఫోన్‌లో సంగతి తెలిసి, ఆదిలాబాద్ అయితే తమ ఊరికి దగ్గరేననీ, ఫికర్ చెయ్యొద్దనీ, ఇక వారం వారం తెలిసిన బస్సు కండక్టరు చేత కాయ పంపుతాననీ మాట ఇచ్చింది. ఆమె మాట తప్పే మనిషి కాదు. నిరంజన్ ఆదిలాబాద్‌లో చేరిన మొదటి సోమవారమే, పొద్దున్నే ఎవరూ రాకముందు, పసుపు దారం చుట్టి మూడు బొట్లు పెట్టిన గుమ్మడికాయ ఒకటి వచ్చి కొత్త ఆఫీసు గుమ్మంలో కూర్చుంది. ఆ రోజు మధ్యాహ్నం దాకా లోపలికి ఎవరూ పోలేదు.